యార్డు లోపలి ఘాటు

కొత్తపేటలో రెండో అంతస్తు మా ల్యాబు.
ఏసీ ఉంది, కిటికీ లేదు.
అయినా ఫిబ్రవరి వచ్చిందంటే
ఎవరో ఒకరి చొక్కా మీదెక్కి
మిరప ఘాటు మెట్లెక్కి వస్తుంది.

ఆ రోజు జక్రయ్య చొక్కా మీద వచ్చింది.
మిర్చి యార్డులో కాటా గుమాస్తా.
భుజాలు రెండూ రెండు టిక్కీలు.
డబ్బా ఇచ్చి గది చూపించాను,
నావైపు చూడకుండా తీసుకున్నాడు.
అరగంటకి
నావైపు చూడకుండానే ఇచ్చాడు.
బయట బెంచీ మీద సలోమి
టోకెను కాగితాన్ని మడిచి, విప్పి, మడిచి
చింతగింజంత చేసింది.

పన్నెండేళ్లుగా లెన్సు కింద
తోకలు లెక్కపెట్టడం నా ఉద్యోగం.
మా అమ్మకి మాత్రం రక్తపరీక్షలనే చెప్పాను.
ఆ రోజు లెన్సు కింద
గింజ ఎత్తేసిన కళ్లం.
ఇంకో చుక్క వేశాను.
గిర్రున తిప్పి, అడుగున పేరింది తీసి చూశాను.
ఊడ్చిన చీపురు గీతలు కూడా లేవు.

రక్తం రిపోర్టు చూస్తే
హార్మోను గీత దాటి ఎక్కడో పైన!
"జిమ్ముకెళ్తారా?"
"అరండల్‌పేటలో. వారానికో సూది వేస్తాడు కోచ్.
మగతనం పెరుగుద్దన్నాడు."

చెప్పాల్సింది డాక్టరుగారు.
ఆయనేమో థియేటర్లో ఉన్నారు,
తలుపు సందులోంచి సలోమి చూస్తోంది.

"మీ యార్డు ఘాటు చుట్టుగుంట సెంటర్లో ఎంతుంటుంది?"
"గొంతు గరగర. అంతే."
"లోపల?"
మొదటిసారి నవ్వాడు.
"కొత్తోడు నిలబడలేడు మేడం."

అంతే జక్రయ్యగారూ,
రక్తంలో తిరిగేది చుట్టుగుంట గరగర.
విత్తు పుట్టే చోటికి కావాల్సింది యార్డు లోపలి ఘాటు,
ఎన్నో పదుల రెట్లు.
సన్నటి గొట్టాల సందుల్లో కూర్చున్న కణాలు
అక్కడికక్కడే వండి
గోడ మీంచి పక్కింటికి గిన్నె అందించినట్టు
అందించుకుంటాయి.
లారీలో దిగుమతయ్యే సరుకు కాదది.

తలలో శనగగింజంత మేస్త్రీ ఒకడు.
బజారునిండా సరుకు చూశాడు,
ఇక చాల్లే అని లోపలికి కబురాపేశాడు.
కబురు లేదు, పొయ్యి లేదు.
ఊరంతా ఘాటు,
యార్డు ఖాళీ.

చాలాసేపు చేతులు చూసుకున్నాడు.
"మరి ఇయ్యి?" అన్నాడు,
అరువు తెచ్చిన గొడుగు గురించి అడిగినట్టు.

నా దగ్గర జవాబు లేక
మే నెల గురించి అడిగాను.
"సెలవులయ్యాక గేటు తీస్తే, ఆ రోజే నిండుద్దా యార్డు?"
"ఎక్కడ మేడం. నిదానంగా ఎక్కుద్ది."
ఒక్క విత్తుకే డెబ్బై రోజుల పైమాట.
నెలలు పట్టొచ్చు, ఏడాదీ కావొచ్చు,
కొందరికైతే...
అక్కడ ఆపేశాను. అది నా నోటితో అనే మాట కాదు.

మూడేళ్లు అత్తగారి కషాయాలు తాగింది సలోమి.
బుధవారాల ఉపవాసాలు సలోమివే.
లోపలికొచ్చి నిలబడి
"నాలోనే ఏదో ఉందా అండీ?" అంది.
జక్రయ్య ఆమె చేతిలోంచి ఆ చింతగింజ తీసుకుని
ఒక్కో మడతా విప్పాడు.
"నాదే" అన్నాడు.
సలోమి ఏడవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది,
చాలా దూరం నడిచొచ్చిన మనిషిలా.

మళ్లీ వచ్చింది నవంబరులో.
భుజాలు తగ్గాయి, చొక్కా వదులైంది.
ఈసారి డబ్బా ఇస్తూ నావైపు చూశాడు.

లెన్సు కింద ఒకటి. కదల్లేదు.
ఇంకో మూల రెండు. అవీ అంతే.
చుక్క ఆరిపోయేలోగా అంచుకి జరిపాను.
అక్కడొకటి,
తోక ఆడిస్తూ, దారి తెలియనట్టు
గుండ్రంగా తిరుగుతోంది.

అది రిపోర్టులో రాసేటంత సంగతి కాదు,
"అరుదుగా" అని ఒక గడి ఉంటుంది, అందులో టిక్కు పెట్టాను.

రాత్రి అన్నం దగ్గర అమ్మ అడిగింది,
"ఏంటే, ఇవాళ రక్తాల్లో విశేషాలు?"
చెబుదామని నోరు తెరిచాను.
తుమ్మొచ్చింది.